కటానా డైరీ: ఎర్త్ గుంతలో నాలుగు బిందెలు

జూన్ 8, ఆదివారం

గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) ఇంటికి చేరింది. బాస్ కంపెనీ కటానా 50, ఎంకే 2, అంటే రెండో తరం. చెన్నైలో ఒకాయన ఊరు మారుతూ అమ్మేస్తుంటే పద్దెనిమిది వేలకు బేరం కుదిరింది. నిన్న సాయంత్రం మాధవరం బస్టాండులో బస్సెక్కాను. డిక్కీలో పెట్టమని కండక్టరు, పెట్టనని నేను. పదకొండున్నర కిలోల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నగరి దాటేసరికి తొడలు మొద్దుబారాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ స్పీకర్‌కు ఏమవుతుందోనని రెండు చేతులా వాటేసుకున్నాను. పక్క సీటు పెద్దాయన చూసి చూసి, “ఏం సామీ, పుత్తూరు వస్తాంది, దిగి కట్టు కట్టిస్తావా దానికి?” అన్నాడు.

ఇంట్లో ఇదివరకే ఒక పది వాట్ల ఆంప్ ఉంది. శబ్దం వస్తుంది, అంతవరకే. ఇప్పుడు పెద్దది ఎందుకంటే, తిరుపతిలో మా బైరాగిపట్టెడ వీధి వినాయకుడి మండపంలో మూడో రోజు సాయంత్రం నలభై నిమిషాలు వాయిస్తానని ఒప్పుకున్నాను. తోడు ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు కీబోర్డు, ఇంకొకడు మృదంగం. సినిమా పాటలు వద్దనుకున్నాం. మోహన, హిందోళం, శుద్ధ ధన్యాసి రాగాలు. చవితి ఆగస్టు 27న. ఈలోగా ఎలక్ట్రిక్ గిటార్ మీద గమకం (స్వరాన్ని ఊపడం) నిలబడే శబ్దం ఒకటి తయారు కావాలి. వంద అక్కర్లేదు, ఒక్కటి చాలు.

జూన్ 10, మంగళవారం

ఇది ‘మోడలింగ్’ ఆంప్. అంటే ఏమిటని మా ఆవిడ అడిగితే మిమిక్రీ అని చెప్పాను. తప్పేం కాదు. మిమిక్రీ చేసేవాడు ఎవరి గొంతూ అరువు తెచ్చుకోడు, ఆ గొంతు ఎక్కడ బిగుస్తుందో ఎక్కడ వణుకుతుందో పట్టుకుని తన గొంతుతోనే చేస్తాడు. ఈ పెట్టెలో వాల్వులు (గాజు వాక్యూమ్ గొట్టాలు) లేవు. పాత ఆంపుల్లో 12ఏఎక్స్7 లాంటి వాల్వు ఉంటుంది. దానికి మోయలేనంత సిగ్నల్ ఇస్తే అలల తల చదునైపోతుంది, పైన ఒకలా, కింద ఇంకోలా. అలా చదునవడం వల్లే అసలు స్వరం పక్కన దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. మనం ‘వెచ్చగా ఉంది’ అంటాం చూడండి, అది ఇదే. ఇక్కడ గిటార్ సిగ్నల్ అంకెలుగా మారుతుంది, వాల్వు ఏం చేసేదో చిప్ లెక్క కడుతుంది, మళ్ళీ కరెంటుగా మార్చి స్పీకర్‌కు పంపుతుంది.

ఇది కొత్త విద్య కూడా కాదు. రోలాండ్ వాళ్ళ వీజీ-8 వచ్చింది 1995లో. లైన్ 6 వాళ్ళు యాక్సిస్ 212 అనే ఆంప్‌ను 1996లో, చిక్కుడు గింజ ఆకారంలో ఉండే ఎర్రటి పాడ్‌ను 1998లో తెచ్చారు. బాస్ కూడా రోలాండ్ సంస్థదే. మొదటి కటానా 2016 నాటిది. కటానా అంటే జపాన్ వాళ్ళ కత్తి.

లెక్క కట్టడానికి టైమ్ పడుతుంది కదా, మీటిన తర్వాత శబ్దం ఆలస్యంగా రాదా అని నాకూ అనుమానం ఉండేది. పడుతుంది, కొన్ని మిల్లీసెకన్లు. కానీ శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లే పోతుంది. మామూలు ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయిస్తే గాలే తొమ్మిది మిల్లీసెకన్లు తినేస్తుంది. దాని గురించి ఎవరూ గొడవ పడరు.

జూన్ 15, ఆదివారం

పండగ. ఉన్న మీటలన్నీ తిప్పాను. ఆంప్ రకాలు ఐదు: అకౌస్టిక్, క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్. పక్కన వేరియేషన్ బటన్ నొక్కితే ఒక్కోదానికి ఇంకో రూపం, మొత్తం పది. పవర్ మీటలో అర వాట్, 25, 50 అని మూడు మెట్లు. యాభైలో పెట్టి బ్రౌన్ మీద ఒక్కసారి తీగలన్నీ కలిపి మీటాను. రెండు నిమిషాల్లో కింద ఇంటి అవ్వ మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “ఏంది నాయనా, మిక్సీ గాని కాలిపోయిందా?”

మిక్సీ కాదవ్వా, గిటార్ అన్నాను. “గిటారా? గమ్మునుండు నాయనా కొంచేపు, ఇప్పుడే కునుకు పడతాంది” అని వెళ్ళిపోయింది.

అర వాట్‌కు దిగాను. యాభైకీ అరకూ వంద రెట్లు తేడా అని భయపడక్కర్లేదు. వంద రెట్లంటే 20 డెసిబెల్స్, చెవికి నాలుగింతల తేడాగా తెలుస్తుంది అంతే. అర వాట్ కూడా పడగ్గదికి ఎక్కువే.

ఇంకో సంగతి. ఆంప్ ఆన్ చేసి ఊరికే ఉంచితే ‘జుమ్‌మ్‌మ్’ అని ఒక రొద. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. నా గిటార్‌లో ఉన్నవి మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను కరెంటుగా మార్చేవి), వాటికి రొద పుట్టుకతో వచ్చిన జబ్బు. తీగ చుట్టిన కాయిల్ కాబట్టి ఇంటి వైరింగ్ వదిలే అయస్కాంత క్షేత్రాన్ని కూడా పాటలాగే పట్టుకుంటుంది. గిబ్సన్‌లో సేథ్ లవర్ అనే ఇంజనీరు రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి హమ్‌బకర్ (రొదను కొట్టేసే పికప్) కనిపెట్టి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది ఈ బాధ పడలేకే. కాబట్టి ఇది మామూలే అనుకుని వదిలేశాను.

అలా వదిలేసినందుకు నెల రోజులు పోయాయి. ఈ వాక్యం తర్వాత చేర్చింది.

జూన్ 22, ఆదివారం

రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. హెడ్‌ఫోన్ గుచ్చితే స్పీకర్ దానంతటదే ఆగిపోతుంది. లాప్‌టాప్‌లో బాస్ టోన్ స్టూడియో పెట్టి యూఎస్‌బీతో కలిపాను. ఆంప్ మీటల పలక మీద లేనివన్నీ అందులో ఉన్నాయి. వాటిలో నాకు కావలసింది దొరికింది: నాయిస్ సప్రెసర్. సిగ్నల్ ఒక మట్టం కన్నా తక్కువైతే తలుపు మూసేస్తుంది. ఆ మట్టాన్ని పెంచుకుంటూ పోయాను. అరవై దాటాక రొద మొత్తం మాయం. చెవిలో నిశ్శబ్దం, మీటితే శబ్దం, ఆపితే మళ్ళీ నిశ్శబ్దం. క్రంచ్, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మీట) కొంచెం ఎక్కువ, రివర్బ్ (పెద్ద గదిలో వాయించినట్టు మోత) బాగా, డిలే (ప్రతిధ్వని ఆలస్యం) 500 మిల్లీసెకన్లు.

డిలే అంకె ఊరికే పెట్టింది కాదు. నిమిషానికి 90 దెబ్బల నడక అనుకుంటే ఒక్కో దెబ్బకు 667 మిల్లీసెకన్లు. దానిలో ముప్పాతిక 500. ప్రతిధ్వని దెబ్బ మీద పడకుండా కాస్త ముందు పడుతుంది, ఒక్కడు వాయించినా ఇద్దరిలా ఉంటుంది. మొత్తం ఆంప్ మీది సీహెచ్1 అనే బటన్ కింద దాచేశాను. పని అయిపోయిందనే అనుకున్నాను.

జూలై 6, ఆదివారం

వదిన వచ్చింది. పెళ్ళికి ముందు ఇక్కడే ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకున్న మనిషి. కాఫీ తాగుతూ హిందోళం వినిపించమంది. వాయించాను. గర్వంగానే.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “స్వరాలు సరిగానే ఉన్నాయి. కానీ ప్రతిదానికీ తోక ఎవరో కోసేసినట్టుంది. నువ్వు నిషాదం ఊపుతున్నావు, ఊపు సగంలో ఉండగానే అది లేదు. ఎటు పోయింది?” అంది.

మళ్ళీ వాయించి నేనే విన్నాను. ఆవిడన్నది నిజం. మీటిన స్వరం బలంగా మొదలై మెల్లగా సన్నబడుతుంది. గమకంలో అసలు పని ఆ సన్నబడే భాగంలోనే. వీణ మీద తీగను పక్కకు లాగి చివరి ఊపును ఎక్కడ వదులుతారో అక్కడే రాగం కనిపిస్తుంది. నా నాయిస్ సప్రెసర్‌కు రాగం ఏం తెలుసు? సన్నబడిన స్వరమూ రొదా దాని దృష్టిలో ఒకటే. మట్టం తగ్గగానే తలుపు వేసేస్తోంది. పైగా తలుపు దగ్గర స్వరం ఊగుతుంటే వేస్తూ తీస్తూ ఉంటుంది, అది గొంతులో గరగరలా వినిపిస్తుంది.

మట్టం తగ్గిస్తే తోక వస్తోంది, దాంతో పాటు రొదా వస్తోంది. పెంచితే రెండూ పోతున్నాయి.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) గురించి వదినే ఎత్తింది. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, స్వరం టక్కున పుట్టి టక్కున చచ్చిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. కరెంటు వల్ల స్వరం నిలిచింది, నిలిచింది కాబట్టి గమకం పలికింది. “ఆయన నిలబెట్టుకోవడానికి కరెంటు వాడితే నువ్వు నరకడానికి వాడుతున్నావు” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూలై 9, బుధవారం

రొదను దాచడం మానేసి, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాను.

గిటార్ పట్టుకుని గదిలో నాలుగు దిక్కులూ తిరిగాను. తూర్పుకు తిరిగితే ఎక్కువ, ఉత్తరానికి తిరిగితే తక్కువ. అంటే కొంత భాగం పికప్ పట్టుకుంటున్నదే. పికప్ మీట రెండో స్థానంలో, నాలుగో స్థానంలో పెడితే బాగా తగ్గింది. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టి ఉంటారు, జతలో వాడితే హమ్‌బకర్ లాగే పని చేస్తుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ మూడులో ఉంటే ‘జ్‌జ్‌జ్’ అని వేరే రకం రొద. ఐదులో పెట్టినా, ఆపేసినా అది లేదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలను మధ్యలో కోసి వేగం తగ్గిస్తుంది, కోసిన అంచు చెవికి తగులుతుంది. వంటగదిలో ట్యూబ్‌లైట్, గోడకున్న ఫోన్ ఛార్జర్ కూడా తమ వంతు వేశాయి. అన్నీ ఆపేసినా ‘జుమ్‌మ్‌మ్’ మాత్రం పోలేదు. చెయ్యి తీగల మీద పెడితే తగ్గడమూ పోలేదు.

అప్పుడు కాళ్ళకు చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి ఉన్నాను. మోచెయ్యి తీగలకు తగిలి సన్నగా చీమ కుట్టినట్టయింది.

ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు కరెంటు పాఠం చెబుతున్నవాణ్ణి. మల్టీమీటర్ తీశాను. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 232 వోల్టులు, బాగుంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. 118 వచ్చింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నా దగ్గర ఉండాలి. 112 ఉంది. ఎర్త్ పిన్ దేనికీ అతుక్కోకుండా మధ్యలో తేలుతోంది. ఆంప్ లోపల కరెంటును శుభ్రం చేసే కెపాసిటర్లు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చాసిస్‌ను (ఆంప్ లోహపు ఒంటిని) వేలాడదీస్తాయి, అందుకే సరిగ్గా సగం. ఆ సగమే నా మోచేతికి తగిలింది.

మూడు రంధ్రాల సాకెట్ ఉంటే మూడూ పనిచేస్తాయని ఎవరు చెప్పారు నాకు? మూత విప్పి చూస్తే ఎర్త్ రంధ్రానికి వైరే లేదు.

ఎక్కడో రొద ఆపడానికి ఎర్త్ పిన్ తీసేసి వాడమనే సలహా విన్నాను. అది ఆపేది రొదను కాదు, మనిషి ప్రాణాన్ని. అలా ఎవరూ చెయ్యకండి.

జూలై 12, శనివారం

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. హాల్లో మెయిన్ బోర్డు దగ్గర ఎర్త్ వైరు ఉంది, మా గదికి లాగినవాళ్ళు రెండు వైర్లే లాగారు. పచ్చ వైరు కొత్తగా లాగి కలిపాడు. మీటరు పెట్టాను: ఫేజ్–ఎర్త్ 220, న్యూట్రల్–ఎర్త్ 13. తేలడం ఆగింది, కానీ 13 ఎక్కువే. ఆయనకు మీటరు మీద నమ్మకం లేదు. వంద వాట్ల బల్బును హోల్డర్‌లో పెట్టి ఒక వైరు ఫేజ్‌కు, ఇంకొకటి ఎర్త్‌కు పెట్టాడు. (అది ఆయన పని. మనం చెయ్యకూడదు.) బల్బు నిద్ర కళ్ళతో ఎర్రగా వెలిగింది. “చూశారా సార్, ఎర్త్ ఉంది, బలం లేదు. గుంత ఎండిపోయుంటుంది. గుంత ఎక్కడ?”

గుంత ఎక్కడో నాకు తెలీదు. ఇంటి ఓనరు బెంగళూరులో ఉంటాడు, ఆయనకూ తెలీదట. అవ్వను అడిగాను.

“ఎర్తా? ఆ మల్లె చెట్టు మొదట్లో ఉండాది చూడు. మీ తాత దగ్గరుండి తొవ్వించినాడు. ఉప్పు, బొగ్గు మూటలు మూటలు పోసినాడు, ఇంట్లోకి ఉప్పు లేదంటే కూడా వినలా. ఎండాకాలం వస్తే దినామూ ఒక బిందె నీళ్ళు పోస్తాంటిమి. ఆయన పోయినాక ఎవరు పోస్తారు?”

మల్లె చెట్టు మొదట్లో ఎండుటాకులు తీస్తే సిమెంటు మూత, దాని కింద తుప్పు పట్టిన జీఐ పైపు, పైపు తల మీద ఒక గరాటు. ఉప్పూ బొగ్గూ ఊరికే పొయ్యరు. ఉప్పు కరిగిన తడి కరెంటును మోస్తుంది, బొగ్గు ఆ తడిని పట్టి ఉంచుతుంది. తడి లేకపోతే ఉప్పు ఉట్టి రాయి. ఈ ఏడాది ఎండలకు గుంత చుట్టూ నేల చెయ్యి పట్టేంత వెడల్పున పగిలింది. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ నుంచి కొద్దికొద్దిగా కారే కరెంటుకు భూమిలోకి దారి దొరక్క ఎర్త్ వైరును పైకి లేపుతోంది, ఆ 13 వోల్టులు అవే.

రెండు బిందెలు పోశాం. గరాటు గుటగుటమని తాగేసింది. ఇంకో రెండు పోసి, వైరు బిగించిన నట్టు దగ్గర తుప్పు గీకి, కొత్త నట్టు వేసి, కాఫీ తాగి వచ్చి చూశాం. న్యూట్రల్–ఎర్త్ 2 వోల్టులు. బల్బు తెల్లగా వెలిగింది. అవ్వ కిటికీలోంచి చూస్తూ, “మల్లెలకు గూడా మంచిదే” అంది.

సాయంత్రం ఆంప్ ఆన్ చేశాను. ‘జుమ్‌మ్‌మ్’ పూర్తిగా పోలేదు, సింగిల్ కాయిల్ తాలూకు మిగిలింది. కానీ వినాలంటే చెవి స్పీకర్ దగ్గర పెట్టాలి. తీగల మీద చెయ్యి తీసినా తేడా లేదు.

జూలై 13, ఆదివారం

నాయిస్ సప్రెసర్ అరవై నుంచి పదిహేనుకు దింపాను. మూసే వేగాన్ని కూడా నెమ్మది చేశాను. నిషాదం తోక తిరిగి వచ్చింది.

వదినకు ఫోన్‌లో వినిపించాను. “ఆ, ఇప్పుడు ఊపిరి తీస్తోంది” అంది.

జూలై 20, ఆదివారం

ఇక సంగీతం.

తీగలు మార్చాను. పది సైజు (0.010 అంగుళాలతో మొదలయ్యేవి) తీసి తొమ్మిది సైజు వేశాను. లాగడానికి మెత్తగా ఉన్నాయి. శ్రుతికి ఫోన్‌లోని తంబూర యాప్‌ను ఆంప్ ఆక్స్‌లో (బయటి శబ్దాన్ని కలిపే రంధ్రంలో) పెట్టాను. ఆక్స్ నుంచి వచ్చేదానికి ఆంప్ ఎఫెక్ట్‌లు అంటవు, తంబూర తంబూరగానే ఉంటుంది. గిటార్ మొదటి తీగ ఈ, అంటే మన లెక్కలో మూడు శ్రుతి. అక్కడే షడ్జం పెట్టుకున్నాం, మృదంగం కుర్రాడికీ అదే చెప్పాను. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఆక్స్ కలిపితే ‘కీ’ అని సన్నటి కేక వస్తుంది. ఛార్జర్ తీసేస్తే పోతుంది. ఈ ఇంట్లో ఇక ప్రతి వైరూ అనుమానితుడే.

శుద్ధ ధన్యాసి గిటార్‌కు పుట్టిల్లు. స, గ, మ, ప, ని. రాక్ వాయించేవాళ్ళు మైనర్ పెంటటోనిక్ అనేది ఈ ఐదు స్వరాలనే. మా కుర్రాళ్ళకు తెలియకుండానే వాళ్ళ వేళ్ళలో ఉంది. హిందోళంలో పంచమం తీసి కోమల ధైవతం పెడితే అయింది, అదీ వేళ్ళకు చిక్కింది.

మోహనే ఏడిపించింది. గిటార్ మెట్లు (ఫ్రెట్లు) స్వరాల మధ్య సమాన దూరాల లెక్కతో కొట్టినవి. తంబూరతో కలిసే సహజమైన అంతర గాంధారం కన్నా మెట్టు మీది గాంధారం దాదాపు 14 సెంట్లు ఎక్కువ, అంటే అర స్వరంలో ఏడో వంతు. ఆ తేడా క్లీన్‌లో చెవికి దొరకదు. క్రంచ్‌లో తంబూర పక్కన మోగితే దొరికిపోతుంది. మెట్టు మీద స్వరాన్ని పెంచగలం, దించలేం, తీగను లాగితే పైకే పోతుంది. మూడు రోజులు తల పట్టుకున్నాక తేలింది: గాంధారం మెట్టు మీద గాంధారం పట్టనే కూడదు. ఒక మెట్టు కింద పట్టుకుని గాంధారం దాకా లాగాలి, పూర్తిగా కాదు, చెవి ఆపమన్న చోట ఆపాలి. వీణ వాళ్ళు ఎప్పటి నుంచో చేసేది ఇదేనట. వదిన ముందే చెప్పి ఉండొచ్చు కదా అంటే, “నువ్వు మెషీన్ గురించే అడిగావు” అంది.

ఇంకొక సంగతి: గెయిన్ ఎక్కువ పెడితే రెండు తీగలు కలిపి మీటకూడదు. స-ప అయితే ఫరవాలేదు, నిండుగా ఉంటుంది. స-గ కలిపితే ఆ రెండింటి కూడికలూ తీసివేతలూ కొత్త స్వరాలై లేస్తాయి, బురద. అందుకే రాక్ వాళ్ళు స, ప మాత్రమే ఉండే పవర్ కార్డులు పట్టేది. ఒక్క తీగ మీద ఆడేవాడికి ఆ బాధ లేదు, గెయిన్ వల్ల స్వరం నిలబడే లాభం మాత్రం ఉంటుంది.

జూలై 25, శుక్రవారం

కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పెట్టి చూశాను. కందిరీగల తుట్టె. మాది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. సైన్ వేవ్‌దైతే ఇలా ఉండదు. దీపం పెట్టుకుని ఉట్టి గిటార్ వాయించాను.

ఆగస్టు 3, ఆదివారం

ఘోరం. మా చిన్నది వచ్చి సీహెచ్1 బటన్‌ను నొక్కి పట్టుకుంది. నొక్కితే ఆ శబ్దం వస్తుంది, నొక్కి పట్టుకుంటే అప్పుడు పలక మీద ఉన్నదాన్ని దాని మీద రాసేస్తుంది. పలక మీద ఉన్నది బ్రౌన్. ఆరు వారాల పని పోయింది, కాపీ లేదు. అరవాలనిపించింది. అదేమో, “నాన్నా, లైటు మెరిసింది!” అని చప్పట్లు కొట్టింది.

గుర్తున్నంతలో మళ్ళీ కట్టుకున్నాను. ఈసారి లాప్‌టాప్‌లో ఒక కాపీ. నాబ్‌ల స్థానాలను తెల్ల టేపు మీద పెన్నుతో గీసి ఆంప్ నెత్తికి అంటించాను. టేపు కరెంటు లేకపోయినా గుర్తుంచుకుంటుంది.

ఆగస్టు 17, ఆదివారం

మేడ మీద మొదటిసారి ముగ్గురం కలిసి. 25 వాట్ల మెట్టు. మొదటి అయిదు నిమిషాలు భయంకరం. హెడ్‌ఫోన్‌లో తేనెలా ఉన్న శబ్దం ఇక్కడ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. కింద బేస్ గుబగుబ, పైన రివర్బ్, మధ్యలో గిటార్ లేదు.

దీనికి కారణం ఆంప్ కాదు, చెవి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే తేల్చారు: చిన్నగా మోగేటప్పుడు చెవికి బేస్ సరిగా అందదు, గట్టిగా మోగితే అందుతుంది. రాత్రి పూట చిన్న శబ్దంలో బేస్ తక్కువైందని పెంచుతాం. అదే పగలు గట్టిగా పెడితే రెట్టింపై మీద పడుతుంది. పైగా మృదంగం తొప్పి (ఎడమ వైపు), కీబోర్డు ఎడమ చెయ్యి అదే చోటు కోసం కొట్టుకుంటాయి.

కాబట్టి మీటలను గడియారం ముల్లులా చూస్తే, బేస్ తొమ్మిది గంటల దగ్గరికి, మిడిల్ రెండు గంటల దాకా. గెయిన్ తగ్గించాను, గట్టిగా మోగేటప్పుడు స్వరం నిలబడటానికి అంత గెయిన్ అక్కర్లేదు, స్పీకర్ నుంచి వచ్చే శబ్దమే తీగను మళ్ళీ కదిలిస్తుంది. రివర్బ్ దాదాపు సున్నా. 500 మిల్లీసెకన్ల డిలేను మృదంగం కుర్రాడు ఒక్క మాటతో తీయించాడు: “సార్, అది కూడా తాళం వేస్తోంది. నేను దాన్ని చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా?” తీసేశాను. జూన్‌లో అంత లెక్క కట్టింది దండగ, ఫిజిక్స్ మేష్టారి సరదా.

కొత్తదాన్ని సీహెచ్2లో దాచాను. ఒంటరిగా వింటే ఎండుగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంది. ముగ్గురం వాయిస్తే మాత్రం ప్రతి ఊపూ వినిపిస్తోంది. సీహెచ్1 రాత్రి హెడ్‌ఫోన్‌కు, సీహెచ్2 బయటికి.

దిగేటప్పుడు అవ్వ ఆపింది. మిక్సీ అంటుందనుకున్నాను. “ఆ సన్నాయి మాదిరి వాయించింది నువ్వేనా?” అంది. అవునవ్వా అన్నాను. “జాస్తి గట్టిగా వద్దు. ఆ మాత్రం చాలు.”

ఆగస్టు 29, శుక్రవారం

ఈరోజే. నాలుగింటికి వాన, ఐదింటికి ఆగింది. కొండల మీద మబ్బు మాత్రం కదల్లేదు.

మైక్ సెట్ అన్న ఆంప్ వెనక చూసి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్‌కు వైరు ఇస్తానన్నాడు. అక్కడ గుచ్చితే స్పీకర్ ఆగిపోతుంది, నాకు నేనే వినపడను, తీగను కదిలించే గాలీ ఉండదు. వద్దని స్పీకర్ ముందు మైక్ పెట్టించాను. నడిమధ్యన పెడితే గాజు గీసినట్టుంది, అంచు వైపు నాలుగు వేళ్ళు జరిపితే సరిపోయింది.

అసలు పని కరెంటుది. మండపానికి ఇచ్చిన లైను రెండు వైర్లది. దానికే సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, మోటారుతో తల తిప్పే ఎలుక బొమ్మ. ఎర్త్ పిన్ దగ్గర మీటరు పెట్టాను. తెలిసిన జవాబే, 110 చిల్లర. నిన్ననే అనుమానించి ఇరవై అయిదు మీటర్ల మూడు వైర్ల ఎక్స్‌టెన్షన్ తెచ్చి పెట్టుకున్నాను. అవ్వ ఇంటి వరండా సాకెట్ నుంచి గోడ మీదుగా లాగి, అతుకు దగ్గర పాలిథిన్ కట్టి, స్టూలు మీదికి ఎత్తి పెట్టాం. మధ్యాహ్నమే గుంతలో రెండు బిందెలు పోశాను. వాన ఎటూ వస్తుందని తెలిస్తే పోసేవాణ్ణి కాదు.

నలభై నిమిషాలనుకున్నది ముప్పై అయిదే అయింది. శుద్ధ ధన్యాసిలో కుర్రాళ్ళు పరిగెత్తారు, నేను వెనకబడ్డాను. మోహనలో గాంధారం రెండుసార్లు ఎక్కువ లాగాను. హిందోళం ఆలాపనలో ఒకచోట నిషాదం పట్టుకుని, మెల్లగా ఊపి, షడ్జం మీదికి వదిలాను. వదిలాక ఏమీ మీటలేదు. స్వరం సన్నబడుతూ, సన్నబడుతూ, ప్రసాదం పళ్ళేల చప్పుడులో ఎప్పుడు కలిసిపోయిందో నాకూ తెలియలేదు. కింద రొద లేదు. వదిన మూడో వరుసలో కూర్చుని తల ఊపుతూ ఉంది. స్వరం పోయాక కూడా ఊపుతూనే ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

నిమజ్జనం. మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. వినాయక సాగర్ దాకా ఊరేగింపు. కుర్రాళ్ళు గుంపుగా వచ్చి, “సార్, ఆంప్ లారీ మీద పెడదాం. దారంతా వాయించొచ్చు. జనరేటర్ ఉంది” అన్నారు.

“జనరేటర్ సరే. ఎర్త్ ఎక్కడ ఇస్తారు?” అన్నాను.

ఒకడు లారీ టైర్ల వైపు చూశాడు. ఇంకొకడు ఆకాశం వైపు చూశాడు. మృదంగం కుర్రాడు మాత్రం, “టైర్లు రబ్బరు కదా సార్” అన్నాడు. వాడికి ఫిజిక్స్‌లో నేను వేసిన మార్కులు తక్కువే అనిపించింది.

వాళ్ళు డప్పులు ఎక్కించుకున్నారు. నేను ఆంప్‌ను పాత దుప్పటిలో చుట్టి మేడ మీదికి మోసుకొచ్చాను. టేపు ఒక మూల ఊడింది, అంటించాలి. మొదటి తీగ చెమటకు నల్లబడింది, మార్చాలి. కాలితో సీహెచ్1, సీహెచ్2 మార్చుకునే ఫుట్‌స్విచ్ ఒకటి చూడాలి.